వంటింటి తొక్కలు - పెరటి పంటలు



ఈరోజు మీ ఇంట్లో వంట పూర్తయ్యాక ఏమేం మిగిలాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బియ్యం కడిగిన నీళ్ళు, బీరకాయ చెక్కు, ఉల్లిపొట్టు, కొత్తిమీర కాడలు, వడకట్టిన టీపొడి, అరటి తొక్కలు, కోడిగుడ్డు పెంకులు, గిన్నె అడుగున నాలుగు మెతుకులు. ఒకప్పటి పల్లె ఇంట్లో ఇవన్నీ ఒకే బుట్టలో పడేవి కావు. బియ్యం కడుగు కుడితి తొట్టిలోకి, మెతుకులు కోళ్ళకు, ఊడ్చిన కసవు పెంటకుప్ప మీదకు, అంట్లు తోమిన నీళ్ళు అరటి పాదులోకి వెళ్ళేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఇవన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో చేరి, మూతి ముడి వేసుకుని వీధిలోకి వెళుతున్నాయి.

ఈ మార్పు వల్ల మనం పోగొట్టుకుంటున్నది ఏమిటి? చిన్న పెరడు, నాలుగు కోళ్ళు, వీలైతే ఒక ఆవు ఉన్న ఇంట్లో వంటింటి వ్యర్థాలను ఏ క్రమంలో, ఏ జాగ్రత్తలతో వాడుకోవాలి? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

తొక్కలో ఏముంది?

కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీరే. మిగిలిన భాగంలో కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం వంటి మూలకాలు ఉంటాయి. అరటి తొక్కలో పొటాషియం ఎక్కువ. కోడిగుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. ఈ మూలకాలు గాలిలో నుంచి, మట్టిలో నుంచి మొక్క సేకరించుకున్నవే. పంటతో పాటు అవి పొలం వదిలి మన వంటింటికి వచ్చాయి. తిరిగి మట్టికి చేరకపోతే ఆ మేరకు మట్టి పేదదవుతుంది.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళలోనే సుమారు 63 కోట్ల టన్నుల ఆహార వ్యర్థాలు వచ్చాయి. భారతదేశంలో ఇళ్ళ నుంచి వచ్చే వ్యర్థం మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలని ఆ నివేదిక అంచనా. ఇందులో తినగలిగినవీ, తొక్కలు, టెంకలూ అన్నీ కలిసే ఉన్నాయి. నలుగురున్న ఇంటికి ఇది ఏడాదికి 220 కిలోలు, అంటే రోజుకు 600 గ్రాములు. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. చివర దీనితో ఒక లెక్క చేద్దాం.

కలిపి పారేస్తే ఏమవుతుంది?

మన వాకిలి దాటిన చెత్త మాయమైపోదు. అది మరో ఊరి పక్కన కుప్పగా పడుతుంది. ఆ కుప్పలో లోపలి పొరలకు గాలి అందదు. గాలి లేని చోట పెరిగే సూక్ష్మజీవులు తడి చెత్తను కుళ్ళబెట్టి మీథేన్ వాయువును వదులుతాయి. వందేళ్ళ లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో ఒక కిలో మీథేన్ దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఈ వాయువు మండే గుణం కలది కాబట్టి కుప్పలు తరచుగా అంటుకుంటాయి. 2023 మార్చిలో కొచ్చి నగరంలోని బ్రహ్మపురం చెత్త కేంద్రం రోజుల తరబడి మండి నగరాన్ని పొగతో ముంచింది. కుప్పలోని తడి కిందికి దిగి భూగర్భ జలంలో కలుస్తుంది.

ఇంతకంటే ఘోరం కూడా జరిగింది. 2017 ఏప్రిల్ 14న, సింహళ, తమిళ కొత్త సంవత్సరం నాడు, శ్రీలంకలోని కొలంబో శివారు మీతొటముల్లలో చెత్తకొండ పక్కనున్న ఇళ్ళ మీద విరిగి పడింది. 30 మందికి పైగా మరణించారు. అదే ఏడాది సెప్టెంబరు 1న ఢిల్లీలోని గాజీపూర్ చెత్తకొండ కూలి ఇద్దరు చనిపోయారు.

కేరళలోని అలప్పుజ పట్టణం అనుభవం దీనికి మరో వైపు. ఆ పట్టణపు చెత్త సర్వోదయపురం అనే ఊరి దగ్గర పోగయ్యేది. 2012లో ఆ ఊరివాళ్ళు ఇక మా దగ్గర పోయవద్దని అడ్డుపడ్డారు. పట్టణం తప్పనిసరై దారి మార్చుకుంది. ఇళ్ళలో గొట్టపు కంపోస్టు, చిన్న గ్యాసు ప్లాంట్లు, వార్డుల్లో గాలి ఆడే కంపోస్టు తొట్లు పెట్టింది. తడి చెత్తను పుట్టిన చోటే వాడడం మొదలైంది. అయిదేళ్ళకు, 2017లో, ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం ఆ పట్టణాన్ని ఆదర్శంగా పేర్కొంది. బంగ్లాదేశ్‌లోని ఢాకాలో 1995లోనే 'వేస్ట్ కన్సర్న్' అనే సంస్థ మీర్‌పూర్ ప్రాంతంలో ఇంటింటి తడి చెత్తతో ఎరువు తయారీ ప్రారంభించింది.

ఈ ఉదాహరణలన్నింటిలో ఉన్న మూలసూత్రం ఒక్కటే. తడినీ పొడినీ కలపకూడదు. మన దేశంలో 2000లోనూ, 2016లోనూ వచ్చిన చెత్త నిర్వహణ నిబంధనలు వేరు చేయడం గురించి చెప్పింది ఇందుకే. అరటి తొక్క ఒక్కటే ఉంటే అది ఎరువు. దానికి షాంపూ ప్యాకెట్టు, పాత బ్యాటరీ తోడైతే మూడూ ఎందుకూ పనికిరావు.

మొదటి మెట్టు: మనిషి తినగలిగింది తినడం

వాడుకలో ఒక వరుస ఉంది. ముందు మనిషి, తరువాత పశువు, తరువాత పొయ్యి, చివరకు మట్టి. పై మెట్టు మీద వాడగలిగినదాన్ని కింది మెట్టుకు దించితే కొంత విలువ పోతుంది.

మనం చెత్త అనుకునేదాన్ని పక్క ఇంట్లో కూరగా వండుకుంటారు. బీరకాయ తొక్కు పచ్చడి తెలుగువారికి కొత్త కాదు. బెంగాలీ ఇళ్ళలో సొరకాయ చెక్కును సన్నగా తరిగి వేపుడు చేస్తారు. కర్ణాటకలో పుచ్చకాయ లోపలి తెల్లని భాగాన్ని రుబ్బి దోసెలు పోస్తారు. కేరళలో పనసగింజలు కూరలో పడతాయి. అయితే మొలకెత్తిన, పచ్చరంగు తిరిగిన బంగాళాదుంప చెక్కులో సొలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. దాన్ని మనుషులకూ పెట్టకూడదు, పశువులకూ పెట్టకూడదు.

రెండో మెట్టు: పశువులకు, కోళ్ళకు

కుడితి అంటే మీలో చాలామందికి తెలుసు. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, కాస్త తవుడు, చిటికెడు ఉప్పు కలిసిన పశువుల దాణా నీళ్ళు. పాలిచ్చే గేదెకు ఇది నీరూ, శక్తీ రెండూ ఇస్తుంది. కోళ్ళు మెతుకులు, ఆకుకూరల కాడలు, కొబ్బరి పిప్పి ఏరుకుని తింటాయి. కోడిగుడ్డు పెంకులను కడిగి, బాగా ఎండబెట్టి, పొడి చేసి పెడితే పెట్టలకు కాల్షియం అందుతుంది.

కానీ పశువు కడుపు చెత్తబుట్ట కాదు. ఈ విషయంలో అయిదు జాగ్రత్తలు తప్పనిసరి.

ఒకటి, అన్నం ఒకేసారి ఎక్కువగా పెట్టకూడదు. ఆవు, గేదె, మేకల మొదటి పొట్టలో గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. పెళ్ళి విందులో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెడితే అందులోని పిండిపదార్థం వేగంగా పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పశువు మేత మానేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, సకాలంలో వైద్యం అందకపోతే చనిపోతుంది. కుడితిలో గుప్పెడు మెతుకులు వేరు, గంగాళం అన్నం వేరు.

రెండు, బూజు పట్టినది పెట్టకూడదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతు తెలియని జబ్బుతో చనిపోయాయి. కారణం వెతికితే వాటి మేతలోని వేరుశనగ పిండిలో పెరిగిన బూజు బయటపడింది. ఆ బూజు తయారు చేసే విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. బూజు పట్టిన పల్లీలు, మొక్కజొన్న తిన్న ఆవు పాలలోకి కూడా ఈ విషం వస్తుంది. అంటే మనం పశువుకు పెట్టింది తిరిగి మన గ్లాసులోకే చేరుతుంది.

మూడు, కర్రపెండలం పచ్చి చెక్కు పెట్టకూడదు. అందులో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి. దుంప లోపలి భాగంలో కంటే పైచెక్కులో ఇవి ఎక్కువ. తూర్పు గోదావరి ప్రాంతంలోనూ, కేరళ, తమిళనాడుల్లోనూ ఈ పంట ఉన్న ఇళ్ళవారు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి.

నాలుగు, పందులకు పెట్టేదాన్ని ఉడికించి పెట్టాలి. ఈశాన్య రాష్ట్రాల్లో చాలా ఇళ్ళ వెనుక పంది కొట్టం ఉంటుంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో తొలిసారి బయటపడింది. ఉడికించని వంటింటి వ్యర్థాలు, ముఖ్యంగా పందిమాంసపు ముక్కలు, ఈ వ్యాధి వ్యాపించే మార్గాల్లో ఒకటి. దీనికి చికిత్స లేదు. ఒక పేద కుటుంబం పొదుపు మొత్తం ఆ కొట్టంలోనే ఉంటుందని మరిచిపోకండి.

అయిదు, తొక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి వీధిలో పడేయకూడదు. ఆవు ముడి విప్పుకోలేదు, సంచితో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి పోదు. శస్త్రచికిత్సల్లో ఒక్కో ఆవు పొట్టలో నుంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీసిన సందర్భాలున్నాయి.

మూడో మెట్టు: పొయ్యికి గ్యాసు

చెత్తకొండలో మీథేన్ ప్రమాదం. అదే మీథేన్‌ను మూతపెట్టిన తొట్టిలో తయారు చేసి పట్టుకుంటే వంటగ్యాసు. 1950లలో జష్‌భాయి పటేల్ తేలే డ్రమ్ము ఉన్న గోబర్ గ్యాస్ నమూనాను రూపొందించారు. తరువాత ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ దాన్ని దేశమంతటా ప్రచారం చేసింది. పుణేలోని అప్రోప్రియేట్ రూరల్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ వంటింటి వ్యర్థాలతోనే నడిచే చిన్న ప్లాంటును తయారు చేసి 2006లో ఆష్‌డెన్ అవార్డు అందుకుంది.

పేడ కంటే అన్నం, పిండి, పండ్ల గుజ్జు ఎక్కువ గ్యాసు ఇస్తాయి. కారణం ఆలోచించండి. పేడ ఒకసారి ఆవు కడుపులో జీర్ణమై వచ్చింది. అందులోని తేలిక శక్తిని ఆవు ముందే తీసుకుంది. మెతుకులో ఆ శక్తి ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. అందుకే పేడ ప్లాంటు కంటే దీని తొట్టి చిన్నది. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ సుమారు 430 గ్రాముల వంటగ్యాసుకు సాటి.

అయితే మోతాదు మించితే తొట్టి పులిసిపోతుంది, గ్యాసు ఆగుతుంది. నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువ వేయకూడదు. మొదట పేడ నీళ్ళతో ప్రారంభించి, మేత కొద్దికొద్దిగా పెంచాలి. గ్యాసుగా బయటికి పోయేది ప్రధానంగా కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. నత్రజని, భాస్వరం, పొటాషియం బయటికి వచ్చే చిక్కని ద్రవంలో దాదాపుగా అలాగే ఉంటాయి. కాబట్టి పొయ్యి వెలిగించుకున్న తరువాత కూడా మట్టి వాటా మట్టికి దక్కుతుంది.

నాలుగో మెట్టు: మట్టికి ఎరువు

పై మూడు మెట్లలో ఇమడనిదంతా కంపోస్టు. ఉల్లిపొట్టు, టీపొడి, చెడిపోయిన కూరగాయలు, మామిడి తొక్కలు, ఎండుటాకులు, కొబ్బరి పీచు ఇందులో వేయవచ్చు.

సర్ ఆల్బర్ట్ హోవర్డ్ అనే బ్రిటిష్ వృక్ష శాస్త్రవేత్త 1905లో బీహారులోని పూసాకు వచ్చారు. ఇక్కడి రైతుల పద్ధతులను గమనించి, తరువాత ఇండోర్‌లోని పరిశోధన సంస్థలో యశ్వంత్ వాడ్‌తో కలిసి కంపోస్టును ఒక క్రమపద్ధతిగా తీర్చిదిద్దారు. వారిద్దరి పుస్తకం 1931లో వచ్చింది. ఇదే ఇండోర్ పద్ధతి. పొరలుగా వేసి, మధ్యమధ్య తిరగేస్తే సుమారు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. 1939లో బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య గుంతను మట్టితో కప్పి, తిరగేసే పని లేకుండా చేసే పద్ధతిని రూపొందించారు. మహారాష్ట్రలోని పుసద్‌కు చెందిన నారాయణ్ పాంఢరీపాండే ఇటుకల మధ్య కన్నాలు వదిలి కట్టే తొట్టిని రూపొందించారు. ఆయన పేరు మీదే అది నాడెప్ తొట్టి అయింది.

పద్ధతులు వేరైనా లోపల జరిగే పని ఒకటే. సూక్ష్మజీవులు మన చెత్తను తిని పెరుగుతాయి. వాటి శరీరంలో ప్రతి 1 వంతు నత్రజనికి సుమారు 8 వంతుల కర్బనం ఉంటుంది. బతకడానికి కావలసిన శక్తి కోసం మరో 16 వంతుల కర్బనాన్ని ఖర్చు చేస్తాయి. రెండూ కలిపితే 24. అందుకే కంపోస్టు కుప్పలో కర్బనం, నత్రజనుల నిష్పత్తి 25 నుంచి 30 వరకు ఉండాలంటారు. కూరగాయల తొక్కల్లో ఈ నిష్పత్తి సుమారు 15 నుంచి 20. ఎండుటాకుల్లో 40 నుంచి 80. తొక్కలొక్కటే వేస్తే మిగులు నత్రజని అమ్మోనియాగా మారి ముక్కు పగిలేలా వాసన కొడుతుంది. ఆకులొక్కటే వేస్తే నెలలు గడిచినా కుళ్ళవు. రెండూ కలపాలి. తూకం అక్కర లేదు. ఒక డబ్బా తొక్కలకు రెండు డబ్బాల ఎండుటాకులు వేస్తే చాలు.

గాలి, తడి, పరిమాణం అనే మరో మూడు విషయాలు చూసుకోవాలి. వారానికోసారి కర్రతో కదిపితే గాలి ఆడుతుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, చెయ్యి తడవకపోతే తక్కువ. కుప్ప సుమారు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటే లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడి పుట్టి కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు చనిపోతాయి. చిన్న కుండలో అంత వేడి నిలవదు. ఎరువు తయారవుతుంది గాని ఆలస్యమవుతుంది, గింజలు బతికే ఉంటాయి. అలాంటి ఎరువు వేసిన పాదులో నాటని టమాటా మొక్కలు మొలవడం మీరు చూసే ఉంటారు.

వాసన వస్తే ఎండుటాకులు కలపండి. చీమలు పడితే నీళ్ళు చల్లండి. మాంసం, చేపల ముళ్ళు, నూనె కూరలు, ఊరగాయలు వేయకండి. వాటికి ఎలుకలు, కుక్కలు వస్తాయి. ఉప్పు మొక్కలకు చేటు చేస్తుంది. వానపాములతో చేసే ఎరువుకు వేడి పనికిరాదు. సగం కుళ్ళి చల్లారిన చెత్తలోనే వానపాములను వదలాలి.

పెరటి నీళ్ళు

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళను నేరుగా మొక్కలకు పోయవచ్చు. అంట్ల నీళ్ళలో సబ్బు, నూనె ఉంటాయి కాబట్టి చిన్న కాలువ తీసి, కంకర, ఇసుక నింపిన గుంత మీదుగా అరటి, చేమ, కొబ్బరి పాదులకు మళ్ళించాలి. పచ్చిగా తినే ఆకుకూరలకు, ముల్లంగికి ఆ నీళ్ళు వాడకూడదు. గుంటల్లో నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి.

ఎంత ఎరువు వస్తుంది?

ఇప్పుడు లెక్క చేద్దాం. నలుగురి ఇంట్లో ఏడాదికి 220 కిలోల తడి వ్యర్థం. నీరు ఆవిరై, కర్బనం గాలిలో కలిశాక, ఆకులు కలుపుకున్నా చివరకు 50 కిలోల ఎరువు మిగులుతుందనుకుందాం. అందులో నత్రజని 1 శాతం అనుకుంటే అర కిలో. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే ఏడాది పొడుగునా చేసిన ఎరువులోని నత్రజని సుమారు ఒక కిలో యూరియాతో సమానం. ఎకరం వరికి రకాన్ని, కాలాన్ని బట్టి 30 నుంచి 50 కిలోల వరకు నత్రజని కావాలి.

నిరుత్సాహపడకండి. ఈ లెక్క రెండు విషయాలు నేర్పుతుంది. మొదటిది, వంటింటి తొక్కలతో దేశపు పొలాలన్నీ పండవు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. కావలసినంత సేంద్రియ ఎరువు అందుబాటులో లేదు. వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. ఆ ఏడాది నవంబరుకే నిషేధాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మంచి ఆశయానికి కూడా లెక్క అవసరం.

రెండోది, పెరటికి ఆ 50 కిలోలు తక్కువేమీ కాదు. చదరపు మీటరుకు 2 కిలోల చొప్పున వేస్తే 25 చదరపు మీటర్ల మడికి సరిపోతుంది. తోటకూర, పాలకూర, వంగ, బెండ, ఒక కరివేపాకు చెట్టుకు ఆ జాగా చాలు. పైగా కంపోస్టు విలువ నత్రజనిలో మాత్రమే లేదు. అది మట్టిని గుల్లబరుస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది, వానపాములకు ఆహారమవుతుంది. యూరియా బస్తా ఈ పనులు చేయలేదు.

చేసి చూడండి

మూడు మట్టికుండలు తీసుకుని అడుగున, పక్కల చిన్న కన్నాలు పెట్టండి. మొదటి దానిలో తొక్కలు మాత్రమే వేయండి. రెండో దానిలో ఎండుటాకులు మాత్రమే వేసి తడపండి. మూడో దానిలో ఒక వంతు తొక్కలు, రెండు వంతుల ఆకులు, గుప్పెడు పెరటి మట్టి కలపండి. మూడింటినీ నీడలో ఉంచి, వారానికోసారి కదిపి, వాసన, రంగు, ఎత్తు, పురుగుల గురించి నోటు పుస్తకంలో రాయండి. ఎనిమిది వారాల తరువాత మూడింటినీ పోల్చండి.

తరువాత ఈ ప్రశ్నలకు సమాధానాలు రాయండి.

1. మొదటి కుండలో వాసన ఎందుకు వచ్చింది? కర్బనం, నత్రజనుల నిష్పత్తి ఆధారంగా వివరించండి.
2. చెత్తకొండలో పుట్టే వాయువు, గ్యాసు ప్లాంటులో పుట్టే వాయువు ఒకటే అయినప్పుడు ఒకటి ప్రమాదం, మరొకటి ప్రయోజనం ఎలా అయ్యాయి?
3. మీ ఇంటి వ్యర్థాన్ని ఏడు రోజులు తూచి, మనిషికి ఏడాదికి ఎంతో లెక్కగట్టండి. అది 55 కిలోల కంటే ఎక్కువా, తక్కువా? కారణం ఏమై ఉంటుంది?
4. మీ ఊరి చెత్త ఎక్కడికి వెళుతుందో కనుక్కోండి. అక్కడ నివసించేవారు ఎవరు? వారి బావినీళ్ళు ఎలా ఉన్నాయి?